ఎర్ర గీత మీద నేరం

చెవి మఫ్‌లు అప్పుడే తీయకండి. పక్క షెడ్డులో అల్యూమినియం కోస్తున్నారు, ఆ కీచుకి పళ్లు పులుస్తాయి.

మీరు నిలబడ్డది మస్కట్‌లో, వాదీ కబీర్ ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక రేకుల షెడ్డు కింద. జూలై నెల, పొద్దున 11 గంటలు. వెనకున్న కొండకి చెట్టన్నది లేదు. నిన్నటి ఎండ ఇంకా కక్కుతూనే ఉంది, ఇవాళ్టిది అప్పుడే తాగుతోంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఒమన్‌లో రూలుంది. మన నెత్తిన రేకుంది కాబట్టి మనది ఎండ పని కాదని మా మేనేజరు లెక్క. ఆ రేకుని ఒక్కసారి అరచేత్తో ముట్టి ఆ మాట అనమనండి.

అదిగో, జగిత్యాల కుర్రాడు వస్తున్నాడు. కోనసీమవాణ్ణి నేను, అతని భాషలో సగం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. చేతిలో రెండు ఎండీఎఫ్ పట్టీలు. తలుపు చుట్టూ బిగించేవి, 80 మిల్లీమీటర్ల వెడల్పు. మూల కలిపి చూపిస్తున్నాడు. లోపలి అంచు కలిసింది, బయటి అంచున మన ఐదు రూపాయల బిళ్ల దూరేంత సందు.

“అన్నా, మిషన్ లేజర్ ఖరాబైంది. లైన్ తప్పు సూపెడ్తున్నది. ఒక్కోసారి అసలుకే వస్తలేదు.”

“ఎన్ని కోశావురా?”

“ఆరు తలుపులకి.”

మాట్లాడకుండా మైటర్ సా దగ్గరికి, అంటే మూలలు ఏటవాలుగా కోసే రంపం మిషన్ దగ్గరికి నడుద్దాం. ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదా అనేవాళ్లు ఉంటారు. వాళ్ల వేళ్లు ఒకసారి లెక్కపెట్టండి.

ఇప్పుడు బ్లేడు వెనక్కి వంగి చూడండి. బొటనవేలంత నల్ల డబ్బీ, దాని మీద పసుపు త్రికోణం స్టిక్కరు. లేజర్ ఇందులోనే ఉంది. లోపల ఆవగింజంత డయోడు, దాని కాంతి ఒక మిల్లీవాట్‌లోపే. అది ఇచ్చేది చుక్కే. ముందున్న సన్నటి గాజుకడ్డీ లాంటి కటకం ఆ చుక్కని అడ్డంగా సాగదీసి గీత చేస్తుంది. ఒక మిల్లీవాటే కదా అని దానికేసి కన్ను పెట్టకండి.

డబ్బీ ముందున్న ప్లాస్టిక్ కిటికీ కనపడిందా? కనపడదు. ఎండీఎఫ్ పొట్టు టేకు పొట్టులా రవ్వరవ్వగా ఉండదు, ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. జూలైలో మస్కట్ గాలికి సముద్రం తేమ. ఆ రెండూ కలిసి కిటికీ మీద రొట్టెపిండిలా పట్టాయి. కుర్రాడు అప్పుడే గుడ్డ మీద థిన్నర్ ఒంపుతున్నాడు.

“థిన్నర్ వద్దురా తమ్ముడూ! ప్లాస్టిక్ మసకేసి, కంటికి శుక్లం వచ్చినట్టు అయిపోద్ది. స్పిరిట్ తే, చెవిలో పెట్టుకునే బడ్ తే.”

మూడు బడ్‌లు గోధుమరంగుకి తిరిగాయి, నాలుగోది తెల్లగా వచ్చింది. ప్లగ్గు పెట్టి లేజర్ మీట నొక్కాం. చెక్క మీద ఎర్రటి గీత, కత్తితో కోసినంత సన్నగా. కుర్రాడి మొహం వెలిగింది.

తొందరపడకండి. మోటారు తిప్పకుండా, బ్లేడున్న మిషన్ తలని మెల్లిగా కిందకి దించండి. గీత ఉంది... ఉంది... సగం దిగింది, పోయింది. పైకెత్తండి, వచ్చింది. మళ్లీ దించండి, సరిగ్గా అక్కడే పోయింది.

లేజర్ డయోడుకి వేడి పడదు. వేడెక్కేకొద్దీ వెలగడానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది, ఇచ్చే కరెంటు అంతే అయితే గీత పాలిపోతుంది. కాబట్టి ఈ షెడ్డులో ఎండ మీద అనుమానం న్యాయమే. కానీ వేడి తల ఎంత దిగిందో చూసుకుని రాదు. ప్రతిసారీ ఒకే చోట ఆరిపోతోందంటే అక్కడ మడత పడే వస్తువేదో తెగినట్టు.

ప్లగ్గు మళ్లీ పీకి, తల కీలు దగ్గర మూత విప్పుదాం. ఎర్రదొకటి నల్లదొకటి, వెంట్రుకకి అన్నల్లాంటి రెండు వైర్లు కీలు పక్కనుంచి పోతున్నాయి. చూడ్డానికి ఏ దెబ్బా లేదు. మీటర్‌ని బజర్ మీద పెట్టి ఎర్ర వైరు రెండు కొసలూ ముట్టించాను. కూ... అంది. “దించు” అన్నాను. కుర్రాడు దించుతుంటే సగంలో నోరు మూసుకుంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగి రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. రోజుకి వందలసార్లు ఒకే మడత మీద వంగితే ఏ రాగి ఆగుతుంది? కొత్త ముక్క అతికి, సోల్డర్ చేసి, తొడుగు ఎక్కించి, కీలు దగ్గర చిన్న చుట్టు వదిలిపెట్టాను, మడత ఒక్కచోటే పడకుండా.

గీత ఇప్పుడు ఆరిపోదు. నిజం చెబుతోందా అన్నది వేరే సంగతి.

ఓ వెడల్పాటి పాత చెక్కని బల్ల వెనక అంచున అడ్డంగా ఉండే కంచెకి ఆనించి క్లాంప్ బిగించాం. సగం లోతుకి ఒక గాడి కోసి, బ్లేడు పూర్తిగా ఆగాక తల ఎత్తాం. చెక్కని కదపకూడదు, ఇప్పుడు అదే సాక్షి. గాడి దాదాపు 3 మిల్లీమీటర్లు. గీత పడాల్సింది దాని ఎడమ గోడ మీద. పడింది ఎక్కడ? కంచె దగ్గర గోడ మీదే ఉంది, మన వైపు వచ్చేసరికి గాడి మధ్యలోకి జరిగింది. అంటే డబ్బీ పక్కకి పోలేదు, మెలిపడింది. అదిరి అదిరి మర వదులైంది.

ఇక్కడో చిక్కు. గీత చూస్తూ తిప్పాలంటే కరెంటు ఉండాలి. అందుకే కుర్రాణ్ణి పిడి దగ్గర్నుంచి దూరంగా నిలబెట్టి, నేనే చిన్న అలెన్ కీతో పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు తిప్పాను. గీత గోడని అంటుకుని సాగింది.

మా తాత దీనికి జాజు నీళ్లలో ముంచిన దారం వాడేవాడు. రెండు కొసలూ లాగి పట్టి, మధ్యలో గిల్లి వదిలితే టప్‌మని ఎర్ర గీత పడేది. లేజర్ లేని పని ఎలా ఉంటుందో తెలియాలని మొన్న శుక్రవారం ఈ కుర్రాణ్ణి అల్ బుస్తాన్ రౌండబౌట్ దగ్గర ‘సోహార్’ ఓడ చూపించడానికి తీసుకెళ్లాను. 1980లో సూర్‌లో కట్టారు. మలబారు నుంచి తెచ్చిన ఐనీ చెక్క పలకల్ని ఒక్క ఇనుప మేకు లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టి, టిమ్ సెవెరిన్ అనే యాత్రికుడు దాంట్లో చైనాలోని గ్వాంగ్‌జౌ దాకా వెళ్లాడు. కుర్రాడు పలకల అతుకుల్లో గోరు పెట్టాలని చెయ్యి చాపాడు, అందలేదు.

సరే, మళ్లీ మూల. కొత్త పట్టీలు రెండు, 45 డిగ్రీలకి ఎర్ర గీత మీద కోసి కలిపాం.

సందు అలాగే ఉంది.

కుర్రాడు నా మొహం చూశాడు, నేను బల్ల మీదున్న మూలమట్టం చూశాను. గీత చెప్పేది బ్లేడు ఎక్కడ దిగుతుందో. ఏ కోణంలో తిరిగిందో చెప్పాల్సింది బల్ల. తిరిగే బల్లని 45 మీద వదిలితే గుంటలో ‘టక్’మని కూర్చోవాలి. వదిలి వినండి. ‘దప్’ అంది. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో గుంటలో గీకితే గట్టిగా దట్టించుకుపోయిన పొట్టు అప్పడం ముక్కలా ఊడి వచ్చింది. దాని మీద ఎక్కి కూర్చుని, బల్ల అర డిగ్రీ తక్కువ తిరుగుతోంది. 80 మిల్లీమీటర్ల పట్టీని ఏటవాలుగా కోస్తే ఆ కోత 113 మిల్లీమీటర్లు. రెండు ముక్కల తప్పూ కలిస్తే ఒక డిగ్రీ. బయటి కొసకి వచ్చేసరికి దాదాపు 2 మిల్లీమీటర్లు. మన ఐదు రూపాయల బిళ్ల.

టక్.

మళ్లీ కోశాం. ఈసారి మూల మీద గోరు రాస్తే అతుకు తెలియలేదు.

“అంటే లేజర్ తప్పు లేదా అన్నా?”

“ఉంది. దాని వంతు దానికుంది.”

కుర్రాడు గోడకి ఆనించిన ఆరు తలుపుల పట్టీలని చంకలో పెట్టుకుని చెత్త డబ్బా వైపు బయల్దేరాడు.

“ఆగరా! బాత్రూం తలుపులు చిన్నవి కదా, కొసలు తీసేసి మళ్లీ కొయ్యి. సరిపోతాయేమో కొలువు.”

వెనక్కి వచ్చి బల్ల మీద పరిచాడు. మీట నొక్కబోయి ఆగి, చెవి మీదున్న పెన్సిల్ తీశాడు.