బ్రిస్టల్ నుంచి ఏసీ గార్డ్స్ వరకు: ట్రిప్‌హాప్, మర్ఫా సంగీతాలలో శైలీ సమ్మేళనం

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో రూపుదిద్దుకున్న ఒక సంగీతశైలికి 'ట్రిప్‌హాప్' అనే పేరు 1994లో 'మిక్స్‌మ్యాగ్' పత్రిక ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అప్పటికే మాసివ్ అటాక్ బృందం 'బ్లూ లైన్స్' (1991) వెలువరించి మూడేళ్లయింది. పేరు పెట్టినవారు పాత్రికేయులు. కళాకారులలో పలువురు దానిని ఇష్టపడలేదు. హిప్‌హాప్ దరువును విలంబగతికి తెచ్చి, జమైకా డబ్ సంగీతంలోని మంద్రనాదాన్ని దానికి జోడించి, పైన సోల్ గాత్రాన్ని నిలపడం ఈ శైలి లక్షణం. పాత రికార్డులోని ఒక తునకను తీసుకొని పదేపదే తిప్పడం దీని నిర్మాణపద్ధతి. ఐజాక్ హేస్ 1971లో వెలువరించిన 'ఐక్స్ ర్యాప్ 2' లోని ఒకే తునకపై పోర్టిస్‌హెడ్ వారి 'గ్లోరీ బాక్స్' (1994), ట్రికీ పాడిన 'హెల్ ఈజ్ రౌండ్ ది కార్నర్' (1995) రెండూ ఆధారపడ్డాయి. మొదటిదానిలో ఆర్తి, రెండవదానిలో భయం ప్రధానం.

ఈ సమ్మేళనాన్ని కేవలం స్టూడియో ప్రయోగంగా భావించడం పొరపాటు. 18వ శతాబ్దంలో బ్రిస్టల్ అట్లాంటిక్ బానిస వ్యాపారానికి ప్రధాన రేవు. రెండవ ప్రపంచయుద్ధానంతరం కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవారు అక్కడి సెయింట్ పాల్స్ ప్రాంతంలో స్థిరపడ్డారు. వారి వెంట వచ్చిన 'సౌండ్ సిస్టమ్' సంప్రదాయంలో 'వైల్డ్ బంచ్' పుట్టింది. దాని సభ్యులే తరువాత మాసివ్ అటాక్‌గా ఏర్పడ్డారు.

హిందూ మహాసముద్రం వైపు ఇటువంటి చరిత్రే హైదరాబాదుకూ ఉంది. తూర్పు ఆఫ్రికా మూలాలు గల సిద్దీలు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేశారు. నేటి ఏసీ గార్డ్స్ పేట పేరు ఆ దళానిదే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు బార్కస్‌లో నివసించారు. బ్యారక్స్ అనే మాటే జనం నోట బార్కస్ అయింది. ఈ రెండు సమూహాల వాద్యపరంపర నుంచి మర్ఫా రూపొందింది. గిన్నె ఆకారపు చిన్న నగారా, దఫ్, ఢోల్, వీటికి తోడు లోహపు బిందె: ఇంతే పరికరసామగ్రి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత నిజాం సైన్యం రద్దయింది. కొలువు పోయిన కుటుంబాలకు పెళ్లి ఊరేగింపులే జీవనాధారమయ్యాయి. మర్ఫా నగర జనసామాన్యంలోకి విస్తరించినది ఈ దశలోనే.

ఇక్కడే అది డప్పును కలుసుకుంది. తీన్‌మార్ దరువును డప్పు కళాకారులూ మర్ఫా బృందాలవారూ వాయిస్తారు. ఉర్దూ పేరుతో ఉన్న ఆ దరువు తెలంగాణ పల్లెకు పరాయిది కాదు. ఔటర్ రింగు రోడ్డుకు చేరువలోని కోహెడ వంటి రంగారెడ్డి జిల్లా గ్రామాలలో నగరపు మోతకూ ఊరి డప్పుకూ నడుమ దూరం తక్కువ. ఎవరి నుంచి ఎవరికి ఏది అందిందో విడదీయడం సులభం కాదు, బహుశా అవసరమూ కాదు.

అయితే ఒక భేదాన్ని విస్మరించలేము. 'గ్లోరీ బాక్స్' రచయితల జాబితాలో ఐజాక్ హేస్ పేరు నమోదైంది. తీన్‌మార్ దరువు సినిమా పాటలలోకి వెళ్లింది, 2011లో ఒక తెలుగు చిత్రానికి పేరే అయింది; ఏసీ గార్డ్స్ వాద్యకారుల పేర్లు మాత్రం ఏ జాబితాలోకీ ఎక్కలేదు.