శిక్షకీ శిక్షణకీ మధ్య ఒక కుక్కపిల్ల

కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో మొదటి నెలంతా సరదా, రెండో నెల నుంచి గొడవ. చెప్పులు కొరికేస్తుంది, వచ్చినవాళ్ల మీదకి ఎగబడుతుంది, పిల్లల బట్టలు పట్టుకుని లాగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ట్రైనింగ్ ఇప్పించండి" అని సలహా చెబుతారు. మా వీధిలో ఒకరింట్లో ఈ మధ్య సరిగ్గా ఇదే జరిగింది. లాబ్రడార్ పిల్ల అది. ట్రైనింగ్‌కి తీసుకెళ్తుంటే ఆ ఇంటి తొమ్మిదేళ్ల పిల్లాడు నేనూ వస్తానని పేచీ పెట్టాడు. నేర్పే ఆయన "పిల్లలొద్దమ్మా, వాళ్లుంటే కుక్క మాట వినదు" అన్నారట. నాయనమ్మేమో "వీడి చదువే అంతంతమాత్రం, మళ్లీ కుక్క చదువు కూడానా!" అంది. ఎటూ తేల్చుకోలేక ఆ పిల్లాడి తల్లి నన్నడిగింది, "అక్కా, మీరేమంటారు?" అని.

నాకు కుక్కల సంగతి పెద్దగా తెలీదు. తెలుగు చదువుకున్నదాన్ని, పాత సంగతులు తవ్వుకునే అలవాటున్నదాన్ని. అందుకని ఈ ప్రశ్నను కూడా ఆ దారినే పట్టుకున్నాను. వెనక్కి వెళ్లి చూస్తే పిల్లల్ని ఎందుకు వద్దన్నారో, ఎప్పుడు రమ్మన్నారో రెండూ కనిపించాయి.

ముందు మన ఇంటి పక్కనుంచే మొదలుపెడదాం. మా ధవళేశ్వరానికి కూతవేటు దూరంలో ఉన్న రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో కూర్చుని నన్నయ భారతం తెలుగు చేశాడు. ఆ ఆదిపర్వంలో కథ మొదలయ్యే చోటే ఒక కుక్కపిల్ల ఉంది, గుర్తుందా? జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క పిల్ల ఆడుకుంటూ అక్కడికొచ్చింది. రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లికి చెప్పుకుంది. సరమ వచ్చి నిలదీసింది. మంచిచెడ్డలు చూడకుండా దిక్కులేని సాధుజీవికి కీడు చేసినవాళ్లకి, అనుకోని భయాలు తప్పవని చెప్పి వెళ్లిపోయింది.

బి.ఏ.లో ఈ ఘట్టం చదివినప్పుడు నేను శాపం సంగతే చూశాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిగా చదివితే వేరే సంగతి కనబడుతోంది. కొట్టింది తమ్ముళ్లు. సరమ వచ్చి అడిగింది పెద్దవాడైన జనమేజయుణ్ణి. ఆ తర్వాత దానికి శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరిగిందీ ఆయనే. ఇంట్లో చిన్నవాళ్లకీ కుక్కకీ మధ్య ఏం జరిగినా జవాబుదారీ పెద్దవాళ్లదే అన్నమాట. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇంక మన డెల్టాకి వద్దాం. 1852లో ఇక్కడ కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారి, ఊళ్లకి ఊళ్లు వరిచేలయ్యాయి. నీరూ వరీ ఉన్నచోట బాతులుంటాయి. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తినడానికి బాతుల మందల్ని తోలుకెళ్లడం మన వైపు చూసినవాళ్లకి తెలిసిందే. ఆ మందల వెనక ఒక కుక్క ఉండేది. దాని పేరు జోనంగి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో, ముఖ్యంగా కొల్లేరు చుట్టుపక్కల పుట్టి పెరిగిన జాతి. ఒంటి మీద అంటుకుపోయినంత పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్లు. మిగతా కుక్కల్లా అదేపనిగా మొరగదు, రాగం తీసినట్టు వింతగా కూస్తుందంటారు. నేల తవ్వి గొయ్యి చేసుకుని అందులో పడుకుంటుంది. వందల బాతుల్ని ఒక్కదాన్నీ కరవకుండా గట్టు వెంట తోలగలగడం చిన్న విద్యా చెప్పండి?

ఆ విద్యకి బడి లేదు, ఫీజు లేదు. మందతో పాటే నడుస్తూ కుక్క నేర్చుకునేది, కుక్కతో పాటే నడుస్తూ మనిషీ నేర్చుకునేవాడు. అలాంటి బతుకులో పిల్లల్ని రానివ్వాలా వద్దా అనే ప్రశ్నే పుట్టదు. ఎందుకంటే కుక్కకి నేర్పడం అనేది ఇంటి పనిలో ఒక భాగం. తర్వాత కొల్లేరులో బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులొచ్చాయి. జోనంగికి పని పోయింది. పని పోయిన కుక్క ఊళ్లలోంచి కూడా మెల్లగా కనుమరుగవుతూ వచ్చింది. దానితో పాటు ఆ నడిచే బడీ పోయింది.

మరి ఇప్పుడు మనం చూస్తున్న ట్రైనింగ్ క్లాసు ఎక్కణ్ణించి వచ్చింది? అది పోలీసు, సైన్యం దారిన వచ్చింది. 1899లో బెల్జియంలోని ఘెంట్ నగర పోలీసులు రాత్రి గస్తీకి కుక్కల్ని ఒక పద్ధతి ప్రకారం తయారుచేయడం మొదలుపెట్టారు. జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణ మీద పుస్తకం రాశాడు. చాలాకాలం అందరికీ అదే దారి చూపింది. మన దగ్గర 1951లో మద్రాసులో పోలీసు జాగిలాల దళం ఏర్పడింది. అప్పటికి మన గోదావరి జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే కదా. 1960లో మీరట్‌లో సైన్యం వాళ్ల కేంద్రం, 1970లో గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం వాళ్ల కేంద్రం వచ్చాయి. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో కూడా జాగిలాలకి శిక్షణ ఇస్తారు.

అక్కడ జాగిలానికి తోడుగా ఒక మనిషి ఉంటాడు. అన్నం పెట్టడం నుంచి ఆజ్ఞ ఇవ్వడం దాకా అంతా అతనే చూసుకుంటాడు. బాంబు వాసన పట్టే కుక్క పదిమంది మాట వింటే పని జరగదు మరి. మన ఊళ్లలో కుక్కలకి నేర్పేవాళ్లలో కొందరు ఇలాంటి కొలువుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. కాబట్టి "పిల్లలొద్దమ్మా" అన్నాయన్ని తప్పు పట్టలేం. ఆయన నేర్చుకున్న బడిలో పిల్లలు లేరు. కానీ మన కుక్క కాపలా కాసేది సరిహద్దు కాదు, మన గుమ్మం. ఆ గుమ్మంలో రోజూ పదిసార్లు పరిగెత్తేది పిల్లలే. ఒక్కరి మాటే వినే కుక్క పోలీసుకి వరం, సంసారికి తలనొప్పి.

పిల్లల్ని వద్దనడానికి ఇంకో కారణం ఆ పాత పద్ధతిలోనే ఉంది. మెడపట్టీ గట్టిగా గుంజడం, గద్దించడం, లొంగదీయడం, అంతా బలం మీద నడిచే వ్యవహారం. మన సామెత చూడండి: కుక్క కాటుకి చెప్పు దెబ్బ. మన మాటలోనే ఉంది ఆ తికమక. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. వేదాంగాల్లో ఒకదాని పేరు శిక్ష. తెలుగులోకి వచ్చేసరికి శిక్ష అంటే దండన అయిపోయింది, నేర్పడానికి శిక్షణ అని ఇంకో మాట పెట్టుకున్నాం. బడిలో బెత్తం తిన్న తరాలకి ఈ రెండు మాటలూ ఒక్కటేనంటే ఆశ్చర్యం లేదు. బలంతో నేర్పేచోట తొమ్మిదేళ్ల పిల్లాడికి చోటుండదు. ఉండకూడదు కూడా. కొట్టి నేర్పడం చూసిన పిల్లాడు కుక్క దగ్గర ఆగడు, రేపు తమ్ముడి మీదా అదే చూపిస్తాడు.

ఈ కథ మలుపు తిప్పినవాళ్లలో ఆడవాళ్లున్నారు. అది మనం చెప్పుకోవాలి. అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ పూడిల్ జాతి కుక్కల్ని పెంచేది. అవి ఉత్త సోకు కుక్కలని అందరూ నవ్వుతుంటే, కాదని చూపించడానికి 1933లో న్యూయార్క్ రాష్ట్రంలో చెప్పినమాట వినే కుక్కలకి పోటీ పెట్టింది. వచ్చినవి ఎనిమిది కుక్కలు. బ్లాంచ్ సాండర్స్ అనే ఇంకో ఆవిడ ఆమెతో చేరింది. 1937లో ఇద్దరూ కారుకి ఒక చిన్న ఇల్లులాంటి బండి తగిలించుకుని, కుక్కల్ని ఎక్కించుకుని, ఊరూరా తిరుగుతూ దాదాపు 10,000 మైళ్లు ప్రయాణం చేశారు. వాళ్ల పుణ్యాన మామూలు ఇళ్లవాళ్లు కూడా తమ కుక్కకి తామే నేర్పుకునే క్లాసులు వచ్చాయి. దానికి ఒక్క ఏడాది ముందు, 1932లో, అక్కడే లాంగ్ ఐలండ్‌లో జరిగిన కుక్కల ప్రదర్శనలో పిల్లలే కుక్కల్ని నడిపించే పోటీ ఒకటి మొదటిసారి పెట్టారు.

తర్వాతి అడుగు ఇంకా చిత్రమైనది. మద్రాసులో జాగిలాల దళం పుట్టిన ఆ 1951లోనే బి. ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జంతువులకి ఎలా నేర్పాలో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. కుక్క సరైన పని చేసిన ఆ క్షణానే ఒక గుర్తు వినిపించాలి, వెంటనే ఏదైనా తినడానికి పెట్టాలి. ఇంతే సూత్రం. గుర్తు కోసం ఆయన చెప్పిన వస్తువు ఏమిటో తెలుసా? దుకాణాల్లో పిల్లలకి అమ్మే, నొక్కితే టిక్కుమనే చవక బొమ్మ. డాల్ఫిన్లకి ఆటలు నేర్పిన కారెన్ ప్రయర్ అనే ఆవిడ 1984లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ఇళ్లలోకి బాగా వెళ్లింది. 1985లో ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్ వాళ్లు పిల్లల కోసమే విడిగా ఒక సంఘం పెట్టారు. ఆరేళ్ల నుంచే చేర్చుకుంటారు.

నాకు ఇక్కడ తెలిసిందేమిటంటే, పిల్లలకి తలుపు తెరిచింది ఎవరి దయా కాదు, పద్ధతి మారడమే. పట్టీ గుంజే పద్ధతికి కండబలం కావాలి. మంచిపని చేసినప్పుడు చూసి మెచ్చుకునే పద్ధతికి ఓపిక, కనిపెట్టి చూసే కన్ను ఉంటే చాలు. అవి తొమ్మిదేళ్ల వాడికి ఉండొచ్చు, నలభై ఏళ్ల నాన్నకి లేకపోవచ్చు! మన పాత మాట మచ్చిక ఉంది చూశారూ, అది ఈ కొత్త పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. అందులో చనువు ఉంది, దండన లేదు.

ఇదంతా బావుంది గానీ కరిస్తే? ఏ తల్లికైనా మొదట వచ్చే భయం ఇదే. దానికీ పెద్ద చరిత్రే ఉంది. పిచ్చికుక్క కాటుకి పాశ్చర్ 1885 జులై 6న మొదటిసారి టీకా వేసింది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికే. మన దేశంలో 1900లో కసౌలీలో, దక్షిణాదివాళ్ల కోసం 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అని మనల్ని చిన్నప్పుడు భయపెట్టేవారే, ఆ రకం మందు తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేస్తున్నారు. మందు మారింది గానీ ఒకటి మారలేదు. పిచ్చి ఉందని అనుమానించే జంతువుల కాటుకి గురయ్యేవాళ్లలో నూటికి 40 మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ లెక్క చూసి పిల్లల్ని కుక్కలకి దూరం పెట్టాలంటారు కొందరు. మన వీధుల్లో అది కుదిరే పనేనా? ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్లే పిల్లకి మలుపు మలుపుకీ ఒక కుక్క ఎదురవుతుంది. ఇంట్లో కుక్క ఉన్నా లేకపోయినా కుక్క భాష కొంత రావాలి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లల తల్లిగా ఉన్నప్పుడు దాని జోలికి పోకూడదు. తోక ఊపినంత మాత్రాన స్నేహం అనుకోకూడదు. ఒళ్లు బిగదీసినా, గుర్రుమన్నా దూరం జరగమని అర్థం. మీదకొస్తే పరిగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని చెట్టులా నిలబడాలి. కరిచినా గీరినా దాచకుండా ఇంట్లో చెప్పాలి. పుండుని సబ్బుతో, ధార నీళ్లకింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. మంచి క్లాసులో కూర్చోమనీ లేవమనీ కుక్కకి నేర్పేలోపు పిల్లాడు ఇవన్నీ నేర్చుకుంటాడు. అసలు విద్యార్థి వాడేనని నాకనిపిస్తుంది.

అయితే అన్నీ పిల్లాడి నెత్తిన పెట్టేయమని కాదు. "నువ్వే అడిగావు కాబట్టి నువ్వే చూసుకో" అనడం న్యాయం కాదు. పట్టీ ఒక పెద్ద చేతిలోనే ఉండాలి. చిన్నపిల్లల్నీ కుక్కనీ ఒంటరిగా వదలకూడదు. టీకాల తేదీలు గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. జంతువుల్ని కొట్టి హింసించడం నేరమని మన దేశంలో 1960లో చట్టం వచ్చింది. దాని వెనక రాజ్యసభలో పట్టుబట్టిన రుక్మిణీదేవి అరుండేల్ అనే ఆవిడ ఉంది, భరతనాట్యానికి పేరుపడ్డ ఆ రుక్మిణీదేవే. చట్టం అడిగేది కూడా పెద్దవాళ్లనే. సరమ జనమేజయుణ్ణి అడిగినట్టే.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పిన మాట ఇది. పిల్లాణ్ణి తప్పకుండా తీసుకెళ్లు. ముందు నువ్వొకసారి ఒక్కదానివే వెళ్లి క్లాసు చూడు. కర్రా, అరుపులూ, గొంతు బిగించే గొలుసూ కనిపిస్తే పిల్లాణ్ణే కాదు, కుక్కని కూడా అక్కడికి పంపకు. కుక్కను రెండు నెలలు మా దగ్గర వదిలేయండి, మీరెవ్వరూ రావద్దు అంటే ఆలోచించుకో. నేర్చుకున్న కుక్క ఇంటికొచ్చాక నేర్చుకోని మనుషుల మధ్యే బతకాలి. టీకాలు పూర్తయ్యాయో లేదో డాక్టర్ని అడిగి, పిల్లాడితో రోజుకో పావుగంట సాధన చేయించు, పక్కన నువ్వుండు.

మొక్కై వంగనిది మానై వంగునా అని కుక్కపిల్ల గురించి అనుకుంటాం. ఆ మాట మన పిల్లలకీ వర్తిస్తుంది. తనకన్నా చిన్న ప్రాణి మీద గెలవడం కాకుండా, దాని నమ్మకం సంపాదించుకోవడం ఈ వయసులోనే వంటబట్టాలి. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో మీరూ చెప్పండి.