తెర ముందు మా అవ్వ

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లోనే వచ్చినా, మా ఆత్మకూరు వీధికి టీవీ పిచ్చి పట్టించింది మాత్రం రామానంద్ సాగర్ ‘రామాయణ్’. 1987 జనవరి 25న మొదలై 1988 జులై దాకా, ఆదివారం పొద్దున వీధి వీధంతా ఒకే ఇంట్లో! ఏంటెన్నా తిప్పడం పిల్లల వంతు.

కథంతా మా అవ్వకు కంఠతా వచ్చు. హిందీయే ముక్క రాదు. “ఏందమ్మా అంటన్నాడు?” అని పక్కనున్నావిణ్ణి గిల్లేది. ఉదయగిరి ఆడపడుచు ఆవిడ, ఇంట్లో ఉర్దూ. మేమంతా బీబమ్మ అనేవాళ్ళం. రాముడి మాటలు బీబమ్మ తెలుగులో చెబుతుంటే అవ్వ కొంగుతో కళ్ళొత్తుకునేది.

2001 నవంబరులో జెమినీలో గుణ్ణం గంగరాజు ‘అమృతం’ మొదలయ్యేనాటికి మా వీధిలో ఇంటింటా టీవీ. అమృత విలాస్ హోటలు, అద్దె కోసం అప్పాజీ, గుండు హనుమంతరావు ఆంజనేయులు వేషం! అర్థం చెప్పేవాళ్ళతో పనిలేకుండా అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూ అలవాటుగా పక్కకు చెయ్యి చాచింది. అక్కడెవరూ లేరు.

“బీబమ్మను పిలువ్వే!”

“తెలుగే గదా అవ్వా, ఆమెందుకు?”

“ఒక్కదాన్నే ఏం నవ్వేదే!”

చెప్పులేసుకుని బయల్దేరాను.