తండ్రుల మాట, బిడ్డల మాట

పిల్లలు ఇంగ్లీషులో మాటలాడుకొనుట విని, “ఇది మేము నేర్చుకొనిన ఇంగ్లీషు కాదు” అని పెద్దలు అనుట మన యిండ్లలో సామాన్యమైపోయినది. బడిలో చదివిన వ్యాకరణ మొకటి, పిల్లలు ఫోనులలో వ్రాసికొను పొట్టి మాటలు మరియొకటి. భాష పాడైపోవుచున్నదని కొందరు దుఃఖింతురు. పిల్లల సంభాషణలో కలియుటయే మానివేయువారును కలరు. అయితే చదువరులారా, ఈ ఫిర్యాదు నేడు పుట్టినది కాదు. ఆంగ్ల భాషాచరిత్రను పరిశీలించినయెడల ఇది మూడువందల ఏండ్లకు పైబడిన ఫిర్యాదు అని తెలియును. ఆ చరిత్రలో ఇరు తరములవారికిని పనికివచ్చు పాఠ మొకటి యున్నది.

జోనాథన్ స్విఫ్ట్ అను ప్రసిద్ధ గ్రంథకర్త ఐర్లండు సంఘములో గురువు. 1713లో డబ్లిన్ నగరమందలి సెయింట్ పాట్రిక్ దేవాలయమునకు డీన్ ఆయెను. ఈయన 1710లో ‘టాట్లర్’ అను పత్రికలో నాటి యువకుల మాటతీరును గట్టిగా ఖండించెను. మాటలను సగమునకు కోసి పలుకుట ఆయనకు సహింపరానిదిగా నుండెను. లాటిన్ భాషలో ‘మోబిలే వల్గుస్’ అనగా నిలకడలేని జనసమూహము. దాని తోకను తీసివేసి ‘మాబ్’ అనుట అప్పటి వాడుక. ఈ మాటను, ‘బాంటర్’ అను మరియొక మాటను ఆపుటకు తాను ఏండ్లతరబడి పాటుపడినను ఫలము లేకపోయెనని ఆయనయే వ్రాసెను. ఫ్రాన్సు దేశములో 1635లో భాషను కాపాడుటకు ఒక అకాడమీ స్థాపింపబడియుండెను. ఇంగ్లండునకును అట్టిది కావలెనని 1712లో స్విఫ్ట్ ఆక్స్‌ఫర్డు ప్రభువైన రాబర్ట్ హార్లేకు విన్నవించెను. 1714లో ఆన్ రాణి మరణించెను. ఆ ఆలోచన నెరవేరలేదు. నేడు ‘మాబ్’ అను మాటను పత్రికలును న్యాయస్థానములును నిస్సంకోచముగా వాడుచున్నవి. అది ఒకప్పుడు కుఱ్ఱవాండ్ర మాట యని ఎవరికిని తోచదు.

అదే కత్తెరకు లోబడిన మరియొక మాట మన పల్లెలకును వచ్చినది. 1829లో జార్జ్ షిల్లిబీర్ అను నతడు లండన్ వీధులలో ప్రయాణికులకొరకు గుఱ్ఱపు బండ్లు నడిపెను. వాటికి ‘ఆమ్నిబస్’ అని పేరు. లాటిన్‌లో దాని యర్థము ‘అందరికొరకు’ అని. జనులు మొదటి భాగమును వదలి చివరి ముక్కను మాత్రము ఉంచుకొనిరి. “బస్సు వచ్చిందా?” అని అడుగు మన అవ్వ పలుకునది ఆ తోక ముక్కనే. ఆమె భాషను చెఱిపినదని ఎవరనగలరు?

తరువాత డాక్టర్ శామ్యూల్ జాన్సన్ వచ్చెను. ఆంగ్లభాషకు నిలుకడ కలుగజేయవలెనను ఆశతో ఆయన నిఘంటువు పనికి పూనుకొనెను. 1755లో సుమారు 42 వేల మాటలతో అది వెలువడెను. తనకు నీచముగా తోచిన మాటలకు ఆయన ‘నీచమైనది’ అనియే గుర్తు వ్రాసెను. అయినను ఆ గ్రంథపు పీఠికలోనే, సజీవమైన భాషను కదలకుండ కట్టిపెట్టుట ఏ నిఘంటుకర్త తరమును కాదని ఆ మహాపండితుడు ఒప్పుకొనెను. పని ముగించిన తరువాత వచ్చిన జ్ఞానము గనుక అది మిక్కిలి విలువైనది.

ఇట్లు క్రొత్త మాటలు పెద్దలను కలవరపెట్టుచు వచ్చినవి. అయితే క్రొత్త మాటవలన కలుగు నష్టము స్వల్పము. ఏలయనగా అది తెలియనిదని మనకు వెంటనే తెలియును, అడిగి తెలిసికొనవచ్చును. అసలు ప్రమాదము మరియొక చోట నున్నది. అక్షరములు మారక, లోపలి భావము మాత్రము మారిపోయిన పాత మాట మనలను మోసపుచ్చును.

‘సిల్లీ’ అనగా నేడు తెలివిమాలినది. ప్రాచీన ఆంగ్లములో దాని మూలపదమునకు ధన్యమైనది అని అర్థము. ధన్యుడు నిష్కపటియై, నిష్కపటి జాలిపడదగినవాడై, చివరకు అవివేకి యాయెను. ‘నైస్’ అను మాట దీనికి ఎదురు దారిన నడచినది. తెలియనివాడు అను లాటిన్ మాటనుండి పుట్టి, మొదట మూఢుడు అను అర్థము నిచ్చి, పిమ్మట సూక్ష్మమైనది యై, నేడు మంచిది, ఇంపైనది అని చెప్పబడుచున్నది.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలును చదువువారు ఈ సంగతిని మరి జాగ్రత్తగా గమనింపవలెను. రోమా పత్రిక మొదటి అధ్యాయములో, తాను వారియొద్దకు రావలెనని పలుమారులు ఉద్దేశించినను ఆటంకము కలిగెనని పౌలు వ్రాసెను. అక్కడ ఆటంకపరచుట అనుటకు ఆ బైబిలులో ‘లెట్’ అను క్రియ యున్నది. నేడు ‘లెట్’ అనగా అనుమతించుట! భావము పూర్తిగా తలక్రిందులైనది. ‘ప్రివెంట్’ అనగా అప్పుడు ముందుగా పోవుట, ఇప్పుడు అడ్డగించుట. ‘కాన్వర్‌సేషన్’ అనగా అప్పుడు మనుష్యుని యావత్తు ప్రవర్తన, ఇప్పుడు మాటలాడుట మాత్రమే. ఈ మూడింటిని అర్థము తెలియని చదువరి తడబడకుండ చదువును, తడబడకుండుటయే కీడు.

‘దౌ’ అను సర్వనామపు కథ మనకు సులభముగా అర్థమగును. ఆంగ్లములో అది ‘నీవు’; ‘యు’ అనునది బహువచనము, గౌరవమునుబట్టి ‘మీరు’. 17వ శతాబ్దములో జార్జ్ ఫాక్స్ అనుచరులైన క్వేకరులు, దేవుని యెదుట అందరును సమానులే యని చెప్పి, ప్రభువులను సహితము ‘దౌ’ అని పిలిచిరి. అది గొప్పవారికి కోపము పుట్టించెను. కాలక్రమమున అందరికిని ‘యు’ యే నిలిచి, ‘దౌ’ ప్రార్థనలలో మాత్రము మిగిలెను. అప్పుడు తరువాతి తరములవారు, అది మిక్కిలి ఘనమైన సంబోధన యని తలంచిరి. బిడ్డ తండ్రిని చనువుతో పిలుచు మాట, సింహాసనమునకు దూరముగా నిలిచి పలుకు మాట యాయెను!

దీనికి పండితులు చేసిన చికిత్సను చూడుడి. 1881లో క్రొత్త నిబంధనను సవరించినవారు ఆ ‘లెట్’ను, ‘ప్రివెంట్’ను తీసి, అదే భావము నిచ్చు వాడుక మాటలను పెట్టిరి. 1952లో వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ‘దౌ’ను దేవుని సంబోధించు చోట్ల మాత్రము ఉంచెను, 1989 నాటి క్రొత్త సవరణ అక్కడను తీసివేసెను. భావమును కాపాడుటకే వారు మాటను విడిచిరి.

మన యిండ్లలోను ఇదియే మార్గము. బిడ్డ పలికిన మాట తెలియనిదైనప్పుడు, “మీలో దీనికి అర్థమేమి?” అని అడుగుడి. ఆ ప్రశ్నతో గద్దింపు కంటె ఎక్కువ మేలు కలుగును. బిడ్డలును పెద్దల మాటకు నేటి యర్థము తగిలించి నొచ్చుకొనక, వారు ఏ భావముతో పలికిరో అడుగవలెను. ఒక మాట పొరుగువానిని నొప్పించునదైనయెడల, అవమానించునదైనయెడల, దానిని ఖండింపవలసినదే. అయితే అది క్రొత్తది గనుక కాదు, గాయపరచును గనుక. తాతల కాలమునుండి వచ్చిన మాటలలోను గాయపరచునవి లేకపోలేదు. మాట వయస్సును కాదు, అది చేయు పనిని విచారించుదము.