గిద్దె, తులం, కొసరు

పోయిన దీపావళికి వారం ముందు మా మనవరాలు వంటగదిలోంచి పిలిచింది. "తాతా, నువ్వు కాంటాల సార్‌వి గదా, జర ఇటు వచ్చి చూడు."

పొయ్యి గట్టు మీద ఆరు గాజు గ్లాసులున్నాయి. మూడింట్లో నిమ్మ వాసన మోంబత్తి, మూడింట్లో లవంగం వాసనది. కోస్తావాళ్లు కొవ్వొత్తి అంటారు, అంటే కొవ్వుతో చేసిన వత్తి. మన పాలమూరులో ఉర్దూ మాట నిలిచింది. మోమ్ అంటే మైనం, అందుకే మోంబత్తి. ఈ పిల్ల వాడే మైనం సోయా నూనెతో చేసింది, అంటే కొవ్వే కాబట్టి ఈసారికి వాళ్ల మాటే ఒప్పు.

గ్లాసుకు 200 గ్రాముల మైనం, అందులో నూటికి 8 వంతుల లెక్కన 16 వాసన నూనె. లెక్క బాగానే ఉంది. కాని వెలిగిస్తే నిమ్మది గది దాకా రావడం లేదు, వత్తి దగ్గరే ఆగిపోతోంది. లవంగందాని మీద నూనె చెమట పట్టినట్టు తేలింది.

"పదహారంటే ఏం పదహారు? గ్రాములా, ఎంఎల్లా?"

"దగ్గుమందు మూతతోటి పోసిన తాతా. రెండొకటే గదా. లవంగం వాసన నాకిష్టమని ఇంకింత పోసిన."

తూనికలు కొలతల శాఖలో 33 ఏళ్లు పనిచేసి 2010లో రిటైరయ్యాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేను ముద్ర వెయ్యని కాంటా తక్కువ. 'రెండొకటే గదా' అన్న మాట ఎన్ని దుకాణాల్లో విన్నానో లెక్కలేదు. నీళ్లకైతే రెండూ ఒకటే. నూనెకు కాదు. నిమ్మ తొక్క నూనె లీటరు దాదాపు 850 గ్రాములే తూగుతుంది, లవంగ నూనె 1,050 దాకా వస్తుంది. ఒకే మూతతో పోసినా నిమ్మ గ్లాసులో పడింది పదమూడున్నర గ్రాములు, లవంగం గ్లాసులో పదహారూ ముప్పావు. దాని మీద ఈ పిల్ల వేసిన 'ఇంకింత' వేరే.

ఆ 'ఇంకింత'కు మా ఇంట్లో పాత పేరుంది, కొసరు. దాని సంగతి చెప్పాలంటే మా తాత గానుగ దాకా పోవాలి.

మాది దేవరకొండ పక్క పల్లె. మేం గాండ్లవాళ్లం. ఇంటి వెనక కొట్టంలో కర్ర గానుగ, దానికి కళ్లకు గంతలు కట్టిన ఒక ఎద్దు. పల్లీలు, నువ్వులు, కుసుమలు మా దగ్గరికే వచ్చేవి. ఆముదాలు మాత్రం చాలా ఇళ్లలో ఆడవాళ్లే వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకునేవాళ్లు. అది వంటాముదం. తలకు, కడుపునొప్పికి, బాలింతకు అదే. ఎక్కువ మొత్తంలో తీసే దీపపు ఆముదం గానుగలో ఆడేది. పల్లీ చెక్కను పశువులకు పెట్టేవాళ్లం. ఆముదపు చెక్కలో విషం ఉంటుంది కాబట్టి దాన్ని పొలానికి ఎరువుగా తోలేవాళ్లు. ఈ తేడా మా కొట్టంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఎర్ర చల్కల్లో, వాన ముఖం చాటేసిన ఏడాది కూడా ఎంతో కొంత చేతికిచ్చే పంట ఆముదం. నిజాం కాలంలో దేశంలోకెల్లా ఆముదాలు ఎక్కువగా పండించిన చోట్లలో హైదరాబాద్ రాజ్యం ముందు వరుసలో ఉండేది. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లది పెద్ద వాటా. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లకు పోసింది ఆముదమే. ఇంజన్ వేడికి కూడా తట్టుకునే గుణం దానిది. ఇప్పటికీ ఈ ప్రాంతానికి ఆ పంటతో ఉన్న చుట్టరికం తెగలేదు. పాలెం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన క్రాంతి, హరిత రకాల పేర్లు ఇక్కడి రైతులకు కొత్త కాదు.

తాత దగ్గర నూనె కొలిచే ఇత్తడి పాత్రలు నాలుగుండేవి: గిద్దె, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. దీపానికి కొనేవాళ్లు గిద్దెడు, మహా అయితే సోలెడు. మానెడు నూనె కొన్న ఇంట్లో పెళ్లన్నా ఉండాలి, చావన్నా ఉండాలి.

ఈ లెక్క మా తాతది కాదు, అంతకు చాలా ముందుది. గుళ్లో అఖండ దీపం పెట్టించిన వాళ్లు ఇంతమంది గొల్లలకు ఇన్ని గొర్రెలిచ్చాం, వాళ్లు రోజూ మానెడు నెయ్యి పోయాలి అని రాతి మీద చెక్కించారు. ద్రాక్షారామంలో ఇలాంటి శాసనాలు కుప్పలుగా ఉన్నాయి. ఒక దీపానికి యాభై గొర్రెలన్నది అక్కడ వాడుక. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగా ఆదివారాలు అక్కడికి పోయేవాణ్ని. గర్భగుడి చీకట్లో నిలబడితే నాకు తట్టేది ఒకటే: ఈ దీపానికి రోజూ నూనె కొలిచి పోసినవాడు ఎవడై ఉంటాడు, వాడి గిద్దెను ఎవరు తనిఖీ చేశారు? కాకతీయుల కాలంలో గానుగ మీద సుంకం ఉండేది. సుంకం ఉన్నచోట కొలత తగాదా ఉండక తప్పదు.

మావాళ్లు ఒక సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్లు. 11వ శతాబ్ది చివర వేంగిని ఏలిన రాజరాజ చోడగంగు టేకి తామ్రశాసనంలో తెలికవాళ్లకు, అంటే మాలాంటి గానుగవాళ్లకు, పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కే హక్కు ఇచ్చాడు. మా నాయన పెళ్లికి గుర్రం కాదు గదా, అద్దె సైకిల్ కూడా దొరకలేదని మా నాయనమ్మ నవ్వేది.

ఇదంతా వెలిగే నూనె సంగతి. దాని కొలత పాత్రతో. వాసన నూనెది వేరే దారి, అది మొదటి నుంచీ తక్కెడలోనే కూర్చుంది.

1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతీయ గణపతిదేవుడు ఓడ వర్తకులకు సుంకాలు ఖరారు చేశాడు. ఆ సరుకుల్లో చందనం, కర్పూరం, కర్పూర తైలం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. ముత్యాలు, దంతం, పట్టు సరసన వాసన సరుకులు! ఇంత విలువైన దాన్ని గిద్దెతో ముంచి పోసేవాడు ఉండడు. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో లెక్క తులమే. మా ఊళ్లో అత్తరు పేరు వినిపించేది ఉర్సుకే. జాన్‌పహాడ్ దర్గాకు గంధం పోయే రోజున మేమూ పోయేవాళ్లం, పాలమూరు చుట్టాలు ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు పోయేవాళ్లు. అక్కడ చేతిపెట్టె పట్టుకున్న అత్తరు సాయిబు పుల్లకు చుట్టిన దూదిని సీసాలో ముంచి చెవి మడతలో పెట్టేవాడు. మా నాయన దగ్గర సీసా కొనే పైసలుండేవి కావు. ఆ దూది ముక్కతోనే మూడు రోజులు గడిపేవాడు.

తులం అంటే 180 గ్రెయిన్లు, మెట్రిక్‌లో 11.66 గ్రాములు. ఎనభై తులాలు సేరు, నలభై సేర్లు మణుగు. 1939 చట్టం ఖాయం చేసిన లెక్క ఇది. ఇక ఇప్పటి తమాషా చూడండి. బంగారం దుకాణంలో తులమంటే 10 గ్రాములు. అత్తరు దుకాణంలో తులం సీసా అంటే 12 మిల్లీలీటర్లు, అరతులం 6, పావుతులం 3. ఒకే మాటకు మూడు కొలతలు. తూకం పేరు పెట్టుకుని పరిమాణంలో అమ్ముడుపోయే సరుకు అత్తరు ఒక్కటేనేమో. సర్వీసులో ఉండగా ఇది నాకు చికాకు. ఇప్పుడు నవ్వొస్తుంది.

మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరులో మొదలయ్యాయి. అప్పుడు నాకు ఆరేళ్లు. అంతకు ముందే నిజాం హాలీ సిక్కా పోయి ఇండియా సర్కారు కల్దార్ వచ్చింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. ఆ వెనకే అణాలు పోయి నయాపైసలొచ్చాయి. దాని వెంబడే సేరు పోయి కిలో, సోల పోయి లీటరు. నాలుగైదేళ్లలో పైసా, తూకం, కొలత మూడూ మారితే తాత తలపట్టుకున్నాడు. "పావు లీటరు అంటే ఎన్ని గిద్దెలు రా?" అని నన్నడిగేవాడు. నేను పలక మీద లెక్క చేసి చెప్పేవాణ్ని. ఈ ఉద్యోగానికి నా మొదటి పరీక్ష అదేననుకుంటాను. మిల్లులు వచ్చాక గానుగ ఆగింది. ఊళ్లో దీపాలు అప్పటికే గ్యాసునూనె బుడ్లయ్యాయి. ఎద్దును అమ్మేశారు. నాలుగు పాత్రల్లో గిద్దె ఒక్కటే నా చేతికొచ్చింది.

ఇక కొసరు. గిద్దె నింపి పోశాక తాత మళ్లీ ఒకసారి అంచు తడిసేటట్టు ముంచి మరికొంచెం పోసేవాడు. ఆ కొసరు వెయ్యకపోతే కొనేవాళ్లు చిప్ప వెనక్కి తీసేవాళ్లు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొసరును మోసానికి ముసుగు అనుకున్నాను. అడుగు సొట్టపోయిన గిద్దెతో కొలిచి, పైన నాలుగు చుక్కలు వేసి మెప్పించే దుకాణదార్లను చూశాను కాబట్టి. ముద్ర వేసిన పాత్రలో అంచు దాకా వస్తే చాలు, కొసరు అక్కర్లేదు అని చెప్పేవాణ్ని. దుకాణదార్లకు ఆ మాట బాగా నచ్చింది. కొసరు బంద్ చేశారు.

ఇక మళ్లీ వంటగదికి వద్దాం. ఆ రోజు మనవరాలికి చెప్పిన మొదటి మాట, మూత పక్కన పెట్టమని. రెండోది, నూనెను వేరే కప్పులో తూచి మైనంలో పొయ్యొద్దని. కప్పు గోడలకు కొంత అంటుకునే ఉంటుంది. మైనం గిన్నెనే కాంటా మీద పెట్టి, సున్నా నొక్కి, నూనెను నేరుగా అందులోకి 16.0 వచ్చేదాకా పొయ్యాలి. మైనం మరీ చల్లబడకముందు, ఎనభై డిగ్రీల దరిదాపుల్లో పోసి నెమ్మదిగా కలపాలి. ఎక్కువైన నూనెను మైనం పట్టుకోలేదు, పైకి తేలి చెమటలా కనిపిస్తుంది, వత్తి దగ్గర చేరితే మంట లేస్తుంది. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పాను: నీ కాంటాకు ముద్ర లేదు, ఇంట్లో వాడుకో, అమ్మకానికి తూచాలంటే ముద్ర వేయించుకో.

"గోడలకు అంత అంటుకుంటదా తాతా?" అంది.

ఆ మాటతో అటక మీది గిద్దె దింపాను. నలభై ఏళ్లుగా నా దగ్గరుంది, ఒక్కసారి కూడా కొలవలేదు. ఊరూరి గిద్దెలకు నా దగ్గర రికార్డులున్నాయి, మా తాతదానికి లేదు. తక్కువొస్తే ఏం చెయ్యాలో తెలియక ఆగానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నీళ్లు పోసి తూచాం. 58 గ్రాములు, అంటే 58 మిల్లీలీటర్లు. తక్కువా, ఎక్కువా? దేనితో పోల్చాలి? ప్రతి ఊరికీ ఒక గిద్దె ఉన్న కాలంలో చేసింది అది. దాన్ని కొలిచే తల్లి గిద్దె ఎక్కడా లేదు. గిద్దెను తుడిచి ఆముదం నింపాం. 56 గ్రాములకు కొంచెం తక్కువ. దుకాణంలో పోసినట్టు చప్పున గ్లాసులోకి ఒంపేసి, గ్లాసులో పడింది తూచాం. 53. మిగతాది ఇత్తడి గోడలకే అంటుకుని ఉంది. ఆముదం తేనెలా నిదానంగా జారుతుంది, గిరాకీ అంతసేపు నిలబడడు.

"ఇప్పుడు మీ తాత పోసినట్టు పొయ్యి," అంది.

ముంజేతిని కొద్దిగా తిప్పి, అంచు తడిసేటట్టు ముంచి, పోశాను. ఆ తిప్పడం నాకు ఎవరూ నేర్పలేదు, కొట్టంలో కూర్చుని చూసిందే. కాంటా 58 చూపించింది. గిద్దెకు అంటుకుపోయిన మూడు గ్రాములు తిరిగొచ్చాయి, పైన రెండు గ్రాములు ఎక్కువ.

దుకాణదార్లకు నేను చెప్పిన మాట గుర్తొచ్చింది. ముద్ర వేసిన పాత్ర నుంచి కూడా ఆ మూడు గ్రాములు రావు. ఎన్ని ఊళ్లలో ఎందరి చిప్పల్లోంచి వాటిని నేను తీసేయించానో.

"మరి నా మోంబత్తిల కొసరు వద్దంటివి?"

"గిద్దెకు కావాలె బిడ్డా. నీ గిన్నె కాంటా మీదనే ఉన్నది, గోడకంటింది కూడ లెక్కల పడ్తది. సున్నా నొక్కు."