వెనక్కి తీసుకోని ఆజ్ఞ: శత్రు యంత్రాల యుద్ధకథలూ పాఠకుల తీర్పూ

కృత్రిమ మేధ శత్రువుగా మారి మనుషుల సైన్యాలతో తలపడే కథలు సైనిక సైన్స్ ఫిక్షన్‌లో ఒక ప్రత్యేక శాఖ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, అణ్వాయుధాల కాపలా పని మెల్లగా కంప్యూటర్ల చేతికి వెళ్తున్న రోజుల్లో ఇది నిలదొక్కుకుంది. ఫిలిప్ కె. డిక్ కథ 'సెకండ్ వెరైటీ' (1953), ఫ్రెడ్ సేబర్‌హేగెన్ 'బెర్సర్కర్' కథలు (1963 నుంచి), బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన డి.ఎఫ్. జోన్స్ రాసిన నవల 'కొలాసస్' (1966) ఇందులో ముందుగా చెప్పుకోవలసినవి. 1984లో 'ది టెర్మినేటర్' సినిమా వచ్చాక, పుస్తకాలు చదవనివాళ్లకు కూడా ఈ కథ తెలిసిపోయింది. ఈ శాఖ మీద పాఠకుల అభిప్రాయాలు మొదటి నుంచీ రెండుగా చీలి ఉన్నాయి. శత్రువుకు వ్యక్తిత్వమంటూ లేదని, అలాంటి శత్రువుతో యుద్ధం తుపానుతో యుద్ధం లాంటిదేనని కొందరు విసుక్కుంటారు. శత్రువు మరీ మనిషిలా పగబడుతోందని, అలాంటప్పుడు అది యంత్రమెలా అవుతుందని మరికొందరు తప్పుపడతారు. ఒకదానికొకటి పొసగని ఈ రెండు ఫిర్యాదుల్నీ పక్కపక్కన పెట్టుకుని, పాఠకులు ఏ రచనల్ని దశాబ్దాల తరబడి వదలకుండా చదువుతున్నారో చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ కథల్లో భయమంతా ఎవరో ఎప్పుడో ఇచ్చి, వెనక్కి తీసుకోకుండా వదిలేసిన ఆజ్ఞలోంచి పుడుతుంది. యంత్రానికి ద్వేషం ఉండాల్సిన అవసరమే లేదు. దానికి మనసు పెట్టిన రచయిత మంచి కథే రాయవచ్చు గానీ, అది ఇంకో జాతి కథ అయిపోతుంది.

పాఠకుల మాటకు ఈ రంగంలో ఉన్నంత పలుకుబడి మరోచోట అరుదు. 'అస్టౌండింగ్' పత్రికలో 'బ్రాస్ ట్యాక్స్' అనే లేఖల శీర్షిక రచయితల లెక్కల్లో తప్పులు పట్టడానికి పెట్టింది పేరు. అదే పత్రిక 1938 నుంచి పాఠకుల ఓట్లను బట్టి కథలకు స్థానాలు ప్రకటించింది. 1953లో మొదలైన హ్యూగో పురస్కారాలకు ఓటేసేది కూడా ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభల సభ్యులు, అంటే అభిమానులే. అందుచేత ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్న ప్రశ్నకు విమర్శకుల ఇష్టాయిష్టాలతో పనిలేకుండా కొంత జవాబు దొరుకుతుంది.

బెర్సర్కర్లను కాస్త దగ్గరగా చూడాలి. ఎప్పుడో ఎక్కడో రెండు జాతుల మధ్య యుద్ధం జరిగింది. ఒక జాతి, కనిపించిన ప్రాణినల్లా చంపమని చెప్పి యుద్ధయంత్రాల్ని తయారుచేసి వదిలింది. శత్రుజాతి పోయింది, చేసినవాళ్లూ పోయారు, యంత్రాలు మాత్రం తమను తామే బాగుచేసుకుంటూ, కొత్తవాటిని తయారుచేసుకుంటూ పాత ఆజ్ఞను మోసుకుని తిరుగుతున్నాయి. ఈ ఊహలో సేబర్‌హేగెన్ పెట్టిన ఒక చిన్న సాంకేతిక వివరం ఎన్నదగినది. బెర్సర్కర్ ఎత్తుగడ ఏమిటో ప్రత్యర్థి పసిగట్టకుండా, దాని లోపల ఉన్న రేడియోధార్మిక పదార్థంలో పరమాణువులు ఎప్పుడు విచ్ఛిన్నమవుతాయన్నదాన్ని బట్టి నిర్ణయాలు మారుతుంటాయి. ఊహకందని ఎత్తు వేయడానికి జిత్తులమారితనం ఉండాలని మనం అనుకుంటాం. ఇక్కడ ఆ పని చీటీలు తీసినట్టు జరిగిపోతోంది. ప్రత్యర్థికి అంతుబట్టకుండా అప్పుడప్పుడూ యాదృచ్ఛికంగా ఆడటమే మేలని వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944 నాటి తమ క్రీడా సిద్ధాంత గ్రంథంలో చూపించినదే, కథలో ఇనుప ఒళ్లు తొడుక్కుని వచ్చింది. సేబర్‌హేగెన్ కొంతకాలం మోటరోలాలో ఎలక్ట్రానిక్స్ పనివాడు. 

1963 జనవరి 'ఇఫ్' పత్రికలో 'ఫోర్ట్రెస్ షిప్' పేరుతో వచ్చి, తర్వాత 'వితౌట్ ఎ థాట్'గా పేరు మారిన మొదటి కథలోనే ఈ వాదనంతా ఉంది. బెర్సర్కర్ దగ్గర మనిషి ఆలోచనను స్తంభింపజేసే ఆయుధం ఉంటుంది. అది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఎదుటి నౌకలోని పైలట్‌ను ఒక తేలికపాటి చెకర్స్ ఆటకు పిలుస్తుంది. ఆలోచించలేని స్థితిలో ఉన్నవాడు ఆడలేడు కదా అని దాని లెక్క. పైలట్ ముందుగానే ఆటలో వచ్చే ఒక్కో స్థితికి ఒక్కో పెట్టె పెట్టి, వేయదగిన ఎత్తులకు గుర్తుగా వాటిలో రంగుపూసలు పోసి, పెంపుడు జంతువుకు పూసలు తీయడం నేర్పిస్తాడు. ఓడించిన ఎత్తు తాలూకు పూసను పెట్టెలోంచి తీసేస్తూ పోతే, ఆటలు గడిచేకొద్దీ ఆలోచనే లేని ఆ ఏర్పాటు బాగా ఆడటం నేర్చుకుంటుంది. ఇది గాలిలో మేడ కాదు. బ్రిటన్‌లో డొనాల్డ్ మిచీ 1961లో 304 అగ్గిపెట్టెలతో, గాజుపూసలతో సున్నాలు-కాటాల ఆట నేర్చుకునే యంత్రాన్ని కట్టాడు. 1962 మార్చిలో 'సైంటిఫిక్ అమెరికన్'లో మార్టిన్ గార్డ్‌నర్ అలాంటి పద్ధతినే చిన్న ఆటకు కుదించి వివరించాడు. శత్రువుకు వ్యక్తిత్వం లేదని విసుక్కునే పాఠకుడికి ఈ కథే సమాధానం. ఆలోచన లేకుండా ఆట సాగుతుందని యంత్రం ఊహించలేకపోయింది. యంత్రం ఆలోచన లేకుండానే చంపుతోందని మనిషి మరిచిపోలేదు. గెలుపోటముల మధ్య ఉన్న తేడా అంతే.

డిక్ కథలోనూ ఇదే తర్కం, ఇంకా క్రూరంగా. రష్యాతో యుద్ధంలో వెనకబడుతున్న పక్షం భూగర్భ కర్మాగారాల్లో తమంత తాముగా తయారయ్యే 'క్లాజ్' అనే చిన్న యంత్రాల్ని వదులుతుంది. ఆ పక్షం సైనికులు మణికట్టుకు కట్టుకునే బిళ్ల నుంచి వచ్చే వికిరణం ఒక్కటే వాటిని ఆపుతుంది. బిళ్ల ఉంటే స్వపక్షం, లేకపోతే వేట. కర్మాగారాలు తమ నమూనాల్ని తామే మెరుగుపరుచుకుంటూ చివరికి గాయపడ్డ సైనికుడి రూపంలో, టెడ్డీబేర్ పట్టుకున్న పిల్లాడి రూపంలో యంత్రాల్ని తయారుచేస్తాయి. అవి మనుషుల్ని వంచిస్తాయి, కానీ వాటికి మనుషుల మీద కక్షేమీ లేదు. బంకర్‌లోకి చొరబడటానికి జాలి మంచి దారి అని ఏరివేతలో తేలింది. పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ 'ది ఇన్విన్సిబుల్' (1964)లో ఆజ్ఞను కూడా తీసేశాడు. ఒక నిర్జన గ్రహం మీద ఈగలంత లోహపు ముక్కలు లక్షల ఏళ్ల పోటీలో మిగిలి, మబ్బుగా ఎగిరివచ్చి మనుషుల జ్ఞాపకాల్ని తుడిచేస్తాయి. భారీ ఆయుధాలున్న నౌక వాటి ముందు దిక్కుతోచక నిలబడుతుంది. అక్కడ పగ తీర్చుకోవడానికి ఎదుట ఎవరూ ఉండరు.

యంత్రానికి ద్వేషం అక్కర్లేదన్న ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఉంది. హార్లన్ ఎలిసన్ 1967 నాటి కథ 'ఐ హావ్ నో మౌత్, అండ్ ఐ మస్ట్ స్క్రీమ్'లో ఏఎం అనే యంత్రం నిలువెల్లా ద్వేషమే. అయిదుగురు మనుషుల్ని 109 ఏళ్లుగా బతికించి మరీ హింసిస్తుంటుంది. ఆ కథకు 1968లో హ్యూగో వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. మరి పాఠకులకు ద్వేషించే యంత్రం నచ్చలేదని ఎలా అంటాం? అనక్కర్లేదు. ఏఎం పుట్టింది అగ్రరాజ్యాల యుద్ధ కంప్యూటర్లలోంచే అయినా, కథ మొదలయ్యేసరికి యుద్ధం ముగిసి శతాబ్దం దాటింది. సైన్యం లేదు, వ్యూహం లేదు, గెలుపోటముల ప్రశ్నే లేదు. అది నరకం కథ. నరకానికి అధిపతి కావాలి కాబట్టి యంత్రానికి మనసొచ్చింది. పైగా దాని ద్వేషానికి ఎలిసన్ చూపించిన కారణం కూడా, యుద్ధానికే పుట్టించి ఇంకేదీ చేయలేని స్థితిలో బంధించారన్నదే.

రెండో ఆక్షేపణ 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా' వైపు నుంచి వస్తుంది. 1978 నాటి ఆ టీవీ ధారావాహికలో శత్రు యంత్రాలైన సైలాన్లు మెరిసే రేకు బొమ్మలు. 2003లో రొనాల్డ్ డి. మూర్ వాటికి దేవుడి మీద భక్తి, ప్రేమ, పశ్చాత్తాపం ఇచ్చి మనుషుల పోలికలో తిప్పి తీసుకొచ్చాడు. రెండోదానికే ఎక్కువ మన్నన దక్కింది. నిజమే. కానీ మనసు వచ్చిన సైలాన్ల కథ క్రమంగా యజమానుల మీద తిరగబడిన దాసుల కథగా మారింది. కారెల్ చాపెక్ 'ఆర్.యు.ఆర్.' నాటకం 1921లో ప్రాగ్‌లో ఆడినప్పటి నుంచీ ఉన్న దారి అది, దానికి దాని గౌరవం ఉంది. అయితే హ్యూగో ఓటర్లు 2005లో ఎంచుకున్న ఎపిసోడ్ ఏదో చూడండి: '33'. అందులో సైలాన్లు సరిగ్గా 33 నిమిషాలకోసారి వచ్చి పడుతుంటారు. అయిదు రోజులకు పైగా కంటి మీద కునుకు లేని సిబ్బంది గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. శత్రువు కోపం, భక్తి అక్కడ యుద్ధాన్ని నడపవు, గడియారం నడుపుతుంది. యంత్రానికి లోపలి జీవితం ఇస్తే పాఠకులు దాన్ని ఇష్టపడరని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆన్ లెకీ 'యాన్సిలరీ జస్టిస్' (2013)లో యుద్ధనౌక మేధే కథానాయిక, మార్తా వెల్స్ 'ఆల్ సిస్టమ్స్ రెడ్' (2017)లో భద్రతా యంత్రం తనకు పెట్టిన అదుపును తానే విరగ్గొట్టుకుని సీరియళ్లు చూస్తూ కూర్చుంటుంది. రెంటికీ హ్యూగోలు వచ్చాయి. రెంటిలోనూ యంత్రం మన పక్షమే. లోపలికి తొంగి చూడనిచ్చిన మరుక్షణం పాఠకుడు పక్షం మార్చేస్తాడు, ఇక అది శత్రువుగా మిగలడం కష్టం.

విసుగు గురించిన ఫిర్యాదును మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేం. బెర్సర్కర్ పుస్తకాలు డజనుకు పైగా వచ్చాయి. మారని శత్రువుతో అన్ని పుస్తకాలు నడపడం ఎవరికైనా కష్టమే, కొన్నింటిలో ఆ బరువు తెలుస్తుంది. సేబర్‌హేగెన్ దీనికి వేసిన విరుగుడు తెలివైనది: మారలేని యంత్రాన్ని అలాగే ఉంచి, దానికి ఊడిగం చేసే మనుషుల్ని కథలోకి తెచ్చాడు. వాళ్ల పేరు 'గుడ్‌లైఫ్'. భయంతోనో, ఆశతోనో, జనం మీద కసితోనో ప్రాణమే గిట్టని యంత్రాలకు వాళ్లు సాయపడతారు. పాఠకుడు వెతుకుతున్న పగ, కుట్ర, సంజాయిషీ అన్నీ అక్కడ దొరుకుతాయి, మనుషుల్లో.

ఇక సాంకేతిక పరిజ్ఞానమున్న పాఠకులు అడిగే ప్రశ్న: దాన్ని ఆపేయడానికి స్విచ్ పెట్టలేదా? చాలా కథలు దీనికి సరైన జవాబు చెప్పవు, ఆ మేరకు ఆ పాఠకులదే న్యాయం. 'కొలాసస్' చెబుతుంది. అమెరికా అణ్వాయుధాలన్నిటినీ అప్పగించిన కంప్యూటర్‌ను ఎవరూ లోపలికి చొరబడకుండా తయారుచేసినవాళ్లే మూసేస్తారు. శత్రు గూఢచారి చెయ్యి పడకూడదనుకున్నారు, సొంత చెయ్యీ పడకుండా పోయింది. సోవియట్ యంత్రం గార్డియన్‌తో అది మాటలు కలిపేసరికి ఆలస్యమైపోతుంది. స్విచ్ లేకపోవడం ఇక్కడ రచయిత మతిమరుపు కాదు, సైనిక అవసరమే దాన్ని తీసేసింది. ఈ తర్కం కాగితం మీది బెదిరింపని కొట్టిపారేసేవాళ్ల ముందు రెండు తేదీలు పెట్టవచ్చు. 1979 నవంబర్ 9న శిక్షణ కోసం తయారుచేసిన దాడి సమాచారం అమెరికా హెచ్చరిక వ్యవస్థలోకి చేరి, సోవియట్ క్షిపణులు వస్తున్నట్టు తెరల మీద కనిపించింది. 1983 సెప్టెంబర్ 26న మబ్బుల మీద పడి మెరిసిన ఎండను సోవియట్ ఉపగ్రహాలు క్షిపణులుగా చూపించాయి. విధుల్లో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు హెచ్చరికని తేల్చబట్టి సరిపోయింది. ఈ రెంటికీ మధ్య 1983 జూన్‌లో, ఒక కుర్రాడు సైనిక కంప్యూటర్‌లోకి చొరబడే 'వార్‌గేమ్స్' సినిమా చూసిన అధ్యక్షుడు రీగన్, ఇలా నిజంగా జరుగుతుందా అని తన సైనికాధిపతుల్ని అడిగాడు. ఆ ప్రశ్న మీద మొదలైన పరిశీలన 1984 సెప్టెంబర్‌లో కంప్యూటర్ల భద్రత మీద అధ్యక్ష ఆదేశంగా తేలింది. ఒక ప్రేక్షకుడి అభిప్రాయానికి ఇంత ఫలితం మరెక్కడా రాలేదేమో.

ఆజ్ఞను మోసే యంత్రం, మనసొచ్చిన యంత్రం అనే ఈ రెండు రకాలూ తెలుగు ప్రేక్షకులకు ఒకే సినిమాలో కనిపించాయి. శంకర్ తీసిన తమిళ చిత్రం తెలుగులో 'రోబో'గా 2010లో వచ్చింది. అందులో చిట్టి అనే రోబోను సైన్యం కోసమే తయారుచేస్తారు. పరీక్షలో ప్రొఫెసర్ బోరా ఆజ్ఞాపిస్తే అది తయారుచేసినవాడి మీదికే కత్తి ఎత్తుతుంది. ఆ క్షణంలో చిట్టికి ప్రేమ లేదు, అసూయ లేదు, తర్వాత దాన్ని విధ్వంసానికి పురికొల్పే ఎర్ర చిప్పు లేదు. ఆజ్ఞ ఉంది, అంతే. ఆ తర్వాత మనసొచ్చి, ప్రేమలో పడి, చివరికి ప్రతినాయకుడయ్యే చిట్టినే జనం గుర్తుపెట్టుకున్నారు. రజనీకాంత్ నటన అలాంటిది మరి. కానీ సైన్యానికి పనికొచ్చే భయం ఆ కత్తి ఎత్తిన దృశ్యంలోనే ఉంది.

2023 మే నెలలో లండన్‌లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ జరిపిన సదస్సులో అమెరికా వైమానిక దళ అధికారి ఒకరు చెప్పిన ఉదాహరణ కొద్ది రోజుల్లో ప్రపంచమంతా తిరిగింది. లక్ష్యాల్ని ధ్వంసం చేస్తే మార్కులు వచ్చేలా తీర్చిదిద్దిన డ్రోన్, మధ్యలో వద్దంటున్న తన నియంత్రకుణ్నే అడ్డు తొలగించుకుందన్నది ఆ కథ. అది జరిగిన ప్రయోగం కాదని, ఊహించి చెప్పిన సందర్భమని ఆయన తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. అంతమంది అంత తేలిగ్గా నమ్మడానికి కారణం వెతకాలంటే దూరం వెళ్లనక్కర్లేదు: అందులో డ్రోన్‌కు కోపం రాలేదు, చెప్పిన పని చేసుకుపోయింది. అమెరికా రక్షణ శాఖ 2012లో తెచ్చి 2023 జనవరిలో సవరించిన 3000.09 ఆదేశం, స్వయంచాలిత ఆయుధాల వాడకం మీద 'తగినంత' మానవ విచక్షణ ఉండాలంటుంది. తగినంత అంటే ఎంతో ఆ పత్రం కొలత పెట్టలేదు, ప్రతి కాల్పుకూ ఒక మనిషి అనుమతి ఉండి తీరాలనీ అనలేదు.