కావలి కాయు నక్షరములు

యతిప్రాసలు కవికి సంకెళ్లని కొందరి తలంపు. పద్యమును కంటితో మాత్రమే చదువువారికి అట్లు తోచుట సహజము. కాని తెలుగు పద్యము చెవి కొరకు పుట్టినది; నోటి నుండి నోటికి చెడక సాగుటకే ఈ కట్టుబాట్లు ఏర్పడినవి.

సంస్కృతమున యతి యనగా విరామస్థానము. తెలుగున నది అక్షరముల చెలిమి. పాదము మొదటి యక్షరముతో, ఉత్పలమాలలో 10వ యక్షరము, చంపకమాలలో 11వ యక్షరము మైత్రి నెరపవలెను. ప్రాస యనగా నాలుగు పాదములందును రెండవ యక్షరపు హల్లు ఒక్కటియే యగుట. ఇవి నియమములు. అనుప్రాసము అలంకారము. ఉద్దానపు తోటలను గూర్చి “కొబ్బరికమ్మల కొసల కోకిల కూసెను” అన్నచో, కకారము మరల మరల వినబడి వృత్త్యనుప్రాసమగును.

ఈ కట్టుబాట్లు నన్నయకు ముందే శిలలకెక్కినవి. క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనమున తరువోజ కలదు. మన సీమలో, కళింగపట్నమునకు చేరువనున్న దీర్ఘాసిలో, శకవర్షము 997, అనగా క్రీ.శ. 1075 నాటి వనపతి శాసనము సంస్కృతాంధ్ర పద్యములతో వెలసినది. దానిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించినవారు, ముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై పోరాడిన యా మహనీయుడు ప్రాచీన పద్యమునకు ఎంతటి ఆప్తుడో దీనివలన తెలియును.

శాసనపద్యమున నొక యక్షరము అరిగిపోయినను, యతిప్రాసలు దాని జాడ చెప్పును. మూడు పాదములలో రెండవ యక్షరము ‘న్న’ గుణింతమైనచో, నాలుగవ పాదమున చెరిగినదియు ఆ హల్లే. అలంకారమనుకొన్నది కావలివాడైనది.

శిలకెక్కని పాటకును అట్టి కావలి కలదు. శ్రీకాకుళపు పల్లెలలో పేరొందిన జముకులకథలో, చర్మము బిగించిన జముకు తంత్రిని మీటుచు కథకుడు పాడును, వంతలు అందుకొందురు. పాదాదిని, పాదాంతమున తిరిగి వచ్చు ధ్వనియే తరువాతి మాటను నాలుకకు అందించును. పుస్తకముతో పని లేదు. ఉద్దానమునందలి బొడ్డపాడువాడైన సుబ్బారావు పాణిగ్రాహి 1960ల నాటి ఉద్యమకాలమున, చదువురాని జనులకు తన మాట చేర్చుటకు ఎన్నుకొన్నది ఈ జముకులకథనే. ఆయన 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించెను.

ఇట్టి పాటలను వ్రాసి పెట్టువారు ఒక సంగతి గమనింపవలెను. ఒక పాదము ‘పొద్దు’తో, తరువాతి పాదము ‘సద్దు’తో మొదలైనప్పుడు, శిష్టతకొరకని ‘పొద్దు’ తొలగించి ‘సూర్యుడు’ అని దిద్దినచో అర్థము నిలుచును, ప్రాస తెగును. ప్రాస తెగిన పాట నోట నిలువదు. ఊరిమాటను దిద్దుట సంస్కారము కాదు, కావలివానిని వెడలగొట్టుట.

అరిగిన శిలకు మిగిలిన యక్షరములైనను సాక్ష్యము చెప్పును. ఆగిపోయిన గొంతునకు సాక్ష్యము లేదు. కనుక పాడు పెద్దలు ఉన్ననాడే, వారు పలికినది పలికినట్లు ధ్వనిముద్రణ చేసి, విన్నది విన్నట్లు వ్రాసి ఉంచవలెను. పంతులుగారు శిలపై నున్నది ఉన్నట్లు చదివిరి. పాట యెడలను మనకు ఆ నిష్ఠయే కావలసినది.